ముళ్లకంప వేసిన గుమ్మం

పదకొండో భాగం

“చదువు. ఇంకోసారి చదువు,” అంది యమున.

పూజిత ఫోను వంక చూసి అదే మాట మళ్లీ చదివింది.

“దరఖాస్తుదారు స్థానికంగా నివాసం లేరు. ఇంటికి తాళం. దరఖాస్తు తిరస్కరించడమైనది. గంతే అమ్మా. ఇంకేం లేదు.”

“నివాసం లేరంటే?”

“మనం ఇబ్రహీంపట్నంల ఉంటలేమట.”

యమున గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కూలి పని చేసుకునే ఇంటి పెద్ద చనిపోతే ఆ ఇంటికి సర్కారు ఇచ్చే ఇరవై వేల సాయం కోసం ఈ ఐదు నెలల్లో ఆమె ఎన్ని గడపలు ఎక్కిందో ఆమెకే లెక్క లేదు. భర్త మల్లేశయ్య చావు పత్రం తెచ్చింది. బ్యాంకు పుస్తకం తెచ్చింది. నాట్ల కాలంలో పని మానుకుని లైన్లలో నిలబడింది. నెలాఖరులోగా ఫీజు కడితే పూజితకు నర్సింగులో సీటు నిలుస్తుంది. ఆ సాయం వస్తేనే ఫీజు.

ధర్మేందర్ పళ్లెం ముందు నుంచి లేవలేదు. అతను మల్లేశయ్య తమ్ముడు. తుర్కయాంజాల్ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. అన్న పోయినప్పటి నుంచి తల్లి, వదిన, పూజిత ఉంటున్నది తుర్కయాంజాల్‌లో అతని రెండు గదుల పోర్షన్‌లోనే.

“నేను అప్పుడే చెప్పిన వదినా, అడ్రసు ఈడిది రాయమని.”

“ఈడిది రాస్తే ఆధార్‌ల ఆడిది ఉన్నదని వాపస్ ఇచ్చిండ్రు గద. మర్చిపోయినవా?”

అతను మర్చిపోలేదు. అందుకే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పూజిత నాయనమ్మ వైపు తిరిగింది. మాణిక్యమ్మ కిటికీ కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. ఆమె కొంగు చివర ముడిలో ఇబ్రహీంపట్నం ఇంటి తాళంచెవి ఉంది. నిద్రలో కూడా ఆ ముడి విప్పదు.

“నాయినమ్మా, ఇన్నవా? నీ నచ్చత్రం మమ్ముల ఊర్లకెల్లి తీసేసింది.”

మాణిక్యమ్మ తల ఎత్తలేదు.

మల్లేశయ్య ధనిష్ఠ నక్షత్రంలో పోయాడు. అయ్యగారు పంచాంగం చూసి ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలని చెప్పాడు. కర్మ అయిన మరునాడు లోపల దీపం వెలిగించి, తలుపుకు తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా తుమ్మ ముళ్లకంప కప్పి వచ్చేశారు. గడువు తీరకుండా తాళం తీస్తే ఆ ఇంటి మనుషుల్లో మరొకరు పోతారంటారు. ఇంకా ఇరవై ఆరు రోజులు ఉంది.

“నాయిన పడిపోయింది పొలంల,” అంది పూజిత. “ఇంట్ల కాదు. పటేల్ పొలంల నారు మోసుకుంట పడ్డడు. తాళం వేస్తే ఆ పొలానికి వెయ్యాలె. మన ఇంటికెందుకు?”

ఈసారి మాణిక్యమ్మ మాట్లాడింది.

“ప్రాణం ఇంటికొచ్చినంకనే పోయింది. ట్రాలీల ఏసుకొచ్చిండ్రు. నా ఒళ్లె తల పెట్టుకుని నీళ్లు తాగిండు. రెండు గుటకలు. మూడోది పక్కకెల్లి కారిపోయింది. నువ్వు గప్పుడు కాలేజీల ఉన్నవ్.”

మాణిక్యమ్మ మళ్లీ చింతపండు అందుకుంది.

అప్పుడే గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. ఇంటి ఓనరు కోటేశ్వరి చేతిలో కరివేపాకుతో నిలబడి ఉంది. వాళ్లది రాజమండ్రి వైపు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. అన్న ఇంటికి రిపేర్లు జరుగుతున్నాయని ధర్మేందర్ ఆమెకు చెప్పి ఉన్నాడు.

“రిపేర్లన్నావు కదయ్యా ధర్మేందరూ,” అంది.

ధర్మేందర్ చేయి కడుక్కోవడానికి లేచాడు. ఆమె ముఖం చూడలేక ఆ కడుక్కోవడమేదో చాలాసేపు కడుక్కున్నాడు.

“చెప్పొద్దా నాతో? మా అత్తగారు పోయినప్పుడు మాకూ వచ్చిందిలే ఈ గొడవ. అయినా మాణిక్యమ్మ గారూ, మేం ఇల్లంతా వదల్లేదండి. ఆవిడ పోయిన గది ఒక్కటే మూసేశాం. మిగతా ఇంట్లో వంటలూ వార్పులూ అన్నీ జరిగాయి. మీరూ అలా చేసుకోవచ్చుగా?”

మాణిక్యమ్మ ఆమె వైపు చూసింది. కోపంగా కాదు.

“మాకున్నదే ఒక్క అర్ర అమ్మా,” అంది.

కోటేశ్వరి కరివేపాకు అక్కడే గట్టు మీద పెట్టి మెట్లు దిగిపోయింది.

*

తహసీల్ ఆఫీసులో ఈ విచారణలు చేసే గిర్దావర్ రామచంద్రయ్య చెడ్డవాడు కాదు. అదే యమునకు ఇంకా కష్టమైంది. చెడ్డవాడైతే తిట్టుకుని అయినా రావచ్చు.

“వచ్చిన అమ్మా. ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చిన. గుమ్మానికి కంప చూసిన. ఇల్లు పాడువెట్టి పోయిండ్రని పక్కింటామె చెప్పింది.”

“మరి గదే రాయకపోతిరి సార్?”

“ఏడ రాయాలె? ఇటు జూడు.” అతను ఫోను ఆమె ముందుకు జరిపాడు. “నివాసం ఉన్నారు. నివాసం లేరు. రెండే ఉన్నయి. ఏదో ఒకటి నొక్కితేనే ముందుకు పోతది. పాడువెట్టిండ్రు అనేది దీంట్ల లేదు.”

యమున ఆ రెండు గళ్లనూ చూసింది. నలభై ఏళ్ల కింద వేసిన పెంకుటిల్లు, చెరువు కింది వాడలో ఇరవై రెండేళ్లుగా తను ముగ్గేసిన వాకిలి, అన్నీ ఆ రెండో గడిలోకి పోయాయి.

“మాకు గూడ తెల్వదా అమ్మా ఈ ముచ్చట? మా నాయిన పోయినప్పుడు మేం మూడు నెలలు బయట ఉన్నం.”

“గప్పుడు మిమ్ములను ఊర్ల లేరని ఎవలన్న రాసిండ్రా సార్?”

ఆమె ఎత్తిపొడవడానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. రామచంద్రయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పక్క బల్ల మీది గుమస్తా ఎందుకో సొరుగు తెరిచి మూశాడు.

“చూడు,” అన్నాడు చివరికి గొంతు తగ్గించి. “మళ్లీ విచారణ జెయ్యమని ఇప్పుడే ఒక కాగితం రాసియ్యి. శుక్రవారం పదకొండు గంటలకు మీ వాడకు వస్త. తలుపు తెరిచి ఉండాలె. పొయ్యి అంటుకుని ఉండాలె. దరఖాస్తు పెట్టినామె, అంటే నువ్వు, ఇంటి లోపల నిలబడాలె. ఫొటో తీసి దీంట్ల పెడుత. మీ ఆయన కూలి కార్డు ఉన్నదా?”

“ఉన్నది సార్.”

“తెచ్చినవా?”

“ఇంట్ల ఉన్నది. సందుక పెట్టెల.”

“ఇంకేం మరి. ఎట్లన్న తలుపు తియ్యాల్సిందే. ఈసారి గూడ తాళం ఉంటే నా చేతుల ఏం ఉండదు. ఫైలు మూసేస్తరు. మళ్లీ తెరవరు.”

శుక్రవారానికి రెండు రోజులే ఉంది.

వచ్చేటప్పుడు ఆమె దారిలో గుడి దగ్గర ఆగింది. అయ్యగారు ఓపికగా విన్నాడు. గడువుకు ముందే ఇల్లు తెరవాలంటే శాంతి చేయించుకోవచ్చమ్మా, శాస్త్రంలో దారి ఉంది అన్నాడు. యమున ముఖం వెలిగింది. హోమానికి ఏమేం కావాలో, ఎంతవుతుందో చెప్పాడు. ఆ వెలుగు అంతలోనే ఆరిపోయింది. సాయం వస్తే తప్ప శాంతి చేయించలేదు. శాంతి అయితే తప్ప తలుపు తెరవరాదు. తలుపు తెరిస్తే తప్ప సాయం రాదు.

ఆమె గర్భగుడి ముందు చేతులు జోడించి నిలబడింది. ఏమని మొక్కుకోవాలో తోచలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఒక్క శనివారం కూడా తప్పకుండా ఉపవాసం ఉన్న మనిషి. స్వామీ, ఈ నియమం నీదేనా, లేక భయపడ్డ మనుషులు నీ పేరు మీద రాసుకున్నదా అని ఒక ఆలోచన వచ్చింది. వెంటనే తప్పు తప్పు అని చెంపలేసుకుంది. కానీ ఆలోచన పోలేదు.

*

“తాళంచెవి ఇయ్యి అత్తా.”

గురువారం సాయంత్రం. ఎక్కడో వీధి చివర బోనాల డప్పులు మోగుతున్నాయి. ఈ ఏడు వాళ్లకు బోనం లేదు.

మాణిక్యమ్మ వినిపించనట్టే కూర్చుంది. యమున మళ్లీ అడిగింది. మూడోసారి అడిగేసరికి ధర్మేందర్ మధ్యలోకి వచ్చాడు.

“వదినా, జర ఆగు. ఇరవై నాలుగు రోజులే గద.”

“ఇరవై నాలుగు రోజులైనంక గిర్దావర్ వస్తడా? నువ్వు తోల్కొస్తవా నీ ఆటోల?”

“నా పెండ్లాం నెలలు నిండి ఉన్నది. ఏడేండ్లకు నిలిచిన కడుపు. వాళ్ల అమ్మగారింట్ల దినాలు లెక్కపెడుతున్నది. మొన్ననే బీపీ ఎక్కువున్నదన్నరు. ఏమన్న అయితే?”

“ఏమైతది?”

“ఏం గాదు. గానీ అయితే?”

పూజిత అందుకుంది.

“కాకా, కాన్పుకూ మా ఇంటి తాళానికీ ఏం సంబంధం? డాక్టరమ్మ ముందుగాల మా తాళం చూసి పురుడు పోస్తదా?”

“పెద్ద నర్సువు అయినంక చెప్పు నాకు.”

“అయ్యేటట్టు చేస్తే గద చెప్పేది!”

“ఏయ్, మాటలు సక్కగ రానియ్యి. ఐదు నెలల సంది ఎవని ఇంట్ల ఉన్నవ్?”

అన్నాక ధర్మేందర్‌కే మింగుడు పడలేదు. పూజిత కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ జారనివ్వలేదు. యమున లేచి పొయ్యి మీది గంజి దించింది. దించాల్సినంత కాగలేదు. అయినా దించింది.

డప్పులు దగ్గరికి వచ్చి దూరంగా వెళ్లిపోయాయి.

“మీ మామ పోయినప్పుడు గూడ ఇల్లు పాడువెట్టినం,” అంది మాణిక్యమ్మ. గోడకు చెబుతున్నట్టు ఉంది ఆ గొంతు. “మూడు నెలలన్నరు. ధర్మేందర్ రెండేండ్ల పోరడు. నేను రెండు నెలలకే తీసిన. విత్తనం వడ్లు లోపల ఉండె. వాన పడ్డది. అందరు నారు పోసుకుంటున్నరు. నేను పొయ్యకపోతే కౌలు మడి ఇంకొకడికి పోతది. ఇగ ఆగలేదు. కంప గుంజి పారేసిన. తాళం తీసిన.”

యమున కదలకుండా వింటున్నది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లు. ఈ మాట ఎన్నడూ వినలేదు.

“నీ ఆడిబిడ్డ సిద్దమ్మ నా వెంబడే లోపలికి ఉరికింది. తొమ్మిదేండ్లది. దాని బొమ్మలు లోపల ఉండె. వారం దినాలకు జ్వరం పట్టింది.”

“సిద్దమ్మ జ్వరంతోని పోయింది అత్తా. నువ్వే చెప్పినవ్ గద.”

“అవ్. జ్వరంతోనే పోయింది. ముప్పై మూడేండ్ల సంది నాకు నేను గదే చెప్పుకుంటున్న.”

ధర్మేందర్ తల్లి ముఖంలోకి చూశాడు. అక్క ఒకతె ఉండేదని అతనికి తెలుసు. ఎలా పోయిందో అడగాలని ఎప్పుడూ తోచలేదు.

“తాళంచెవి ఇయ్య,” అంది మాణిక్యమ్మ. “నన్ను చంపినా ఇయ్య.”

పడుకునే ముందు యమున మెట్లు దిగి కోటేశ్వరిని సుత్తి అడిగింది. కోటేశ్వరి ఎందుకని అడగలేదు. సుత్తి తెచ్చి చేతిలో పెట్టకుండా మెట్టు మీద పెట్టింది.

“పనయ్యాక అక్కడే పారేసెయ్యమ్మా. తిరిగి ఇంటికి తేకు,” అంది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. “నీ మంచి కోరే చెబుతున్నాను. తలుపు తీసేముందు కొబ్బరికాయ కొట్టు.”

*

శుక్రవారం తెల్లారేసరికి మాణిక్యమ్మ పక్క ఖాళీగా ఉంది.

“గుడికి పోయి ఉంటది,” అన్నాడు ధర్మేందర్. “కోపంల ఉన్నది. మీరు పోయేది చూడొద్దని పోయి ఉంటది.” అతను వాళ్లను ఆటోలో దింపుతానని అనలేదు, వద్దనీ అనలేదు. ఆటో తాళాలు తీసుకుని ఎల్బీనగర్ వైపు వెళ్లిపోయాడు.

యమున, పూజిత సాగర్ రోడ్డు మీద బస్సెక్కారు. సంచిలో సుత్తి, కొబ్బరికాయ, పసుపు, అగ్గిపెట్టె, రెండు దోసిళ్ల బియ్యం. సుత్తి బరువుకు సంచి యమున ఒడిలో ఒక పక్కకు ఒరిగింది.

“భయమైతున్నదా అమ్మా?”

“అవ్.”

“మరి ఎందుకు పోతున్నం?”

“మీ నాయిన ఇరవై ఐదేండ్లు ఆ చెరువు కింద పొలాలల్ల నాట్లేసిండు. ఆయన ఊర్లనే లేడని రాస్తే ఊకుంటనా?”

బస్సు దిగి చెరువు కింది వాడలోకి మలుపు తిరిగారు. యమున ముందు నడుస్తున్నది. పది ఇళ్లు దాటాక ఆగిపోయింది.

తమ ఇంటి పెంకుల మీద నుంచి పొగ లేస్తున్నది.

ముళ్లకంప గోడ పక్కకు లాగి ఉంది. వాకిట్లో కళ్లాపి తడి ఇంకా ఆరలేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. గడప లోపలి వైపు మాణిక్యమ్మ కూర్చుని ఉంది. చేతుల నిండా ముళ్ల గీతలు. కొన్నింటి మీద నెత్తురు ఎండిపోయింది. వెనక పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నది.

“నాయినమ్మా!” పూజిత పరుగెత్తబోయింది.

“ఆడనే ఆగు! గడప దాటకు.”

ఇద్దరూ వాకిట్లోనే ఆగిపోయారు.

“నేను తీసిన,” అంది మాణిక్యమ్మ. “మీరు తియ్యలే. ఎవలన్న అడిగితే గదే చెప్పుండ్రి.”

“ఎవలడుగుతరు అత్తా?”

ముసలమ్మ ఒక్క క్షణం పైకి చూసింది. తర్వాత పక్కనున్న సందుక పెట్టె నుంచి మడతలు పడ్డ కూలి కార్డు తీసి, గడప ఇవతలికి చేయి చాపింది. యమున అందుకుంది. కార్డు మీద మల్లేశయ్య ఫొటో. కళ్లు పెద్దవి చేసుకుని, ఊపిరి బిగబట్టి, మొదటిసారి ఫొటో దిగినట్టు ఉన్నాడు.

“నాకేం పొయ్యేదున్నది? డెబ్బై దాటినయి. నేనొక్కదాన్నే లోపల ఉంట. వచ్చే సారుకు నన్ను జూపియ్యి. మీరు వాకిట్ల నిలబడుండ్రి. ఇల్లు తెరిచున్నది. పొయ్యి అంటుకున్నది. ఇంకేం గావాలె వాళ్లకు?”

యమున నోరు తెరిచేలోపే బండి చప్పుడు వినిపించింది. రామచంద్రయ్య వాకిట్లో బండి ఆపి, వాచీ చూసుకున్నాడు. పదకొండుకు ఇంకా పది నిమిషాలు ఉంది. పొగను చూశాడు. పక్కకు లాగిన కంపను చూశాడు. ముసలమ్మ చేతులు చూసి ఒక్క క్షణం కళ్లు దించుకున్నాడు.

“మంచిగున్నది,” అన్నాడు, ఫోను తీస్తూ. “రా అమ్మా. లోపలికి పోయి పొయ్యి పక్కన నిలబడు.”

“సారూ, నేనున్న గద లోపల,” అంది మాణిక్యమ్మ. “నా ఫొటో తియ్యి. నేను ఆయన తల్లిని.”

“తల్లివైతే నేను కాదంటనా పెద్దమ్మా? దరఖాస్తు యమున పేరు మీద ఉన్నది. ఆధార్ ముఖమూ ఫొటోల ముఖమూ ఒక్కటే ఉండాలె. లేకుంటే ఇది తీసుకోదు.”

“అది రాదు.”

మాణిక్యమ్మ లేచి నిలబడింది. రెండు చేతులూ దర్వాజాకు రెండు పక్కలా ఆన్చింది. అంత చిన్న మనిషితో ఆ గుమ్మం మొత్తం నిండిపోయింది.

“పోరి నా వెంబడే ఉరికింది సారూ,” అంది. అతనికి అర్థం కాదని తెలిసీ అంది. “వద్దన్నా ఇనకుండ ఉరికింది.”

రామచంద్రయ్య యమున వైపు చూశాడు. ఇంకో నాలుగు ఇళ్లు చూడాలి అన్నాడు మెల్లగా. తొందర పెడుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టు ఉంది.

యమున సంచి కింద పెట్టింది. కొబ్బరికాయ తీసి గడప ముందున్న రాతి మీద కొట్టింది. మొదటి దెబ్బకే పగిలింది. నీళ్లు గడప కిందికి పారాయి. ఆమె కుడికాలు గడప దగ్గరికి తెచ్చి అత్త ముఖంలోకి చూసింది. తోసుకుని వెళ్లడం ఆమె వల్ల కాదు. వెనక్కి తిరగడమూ కాదు.

అప్పుడు పూజిత చేతిలో ఫోను మోగింది.

పూజిత తెర వైపు చూసింది. ముఖం పాలిపోయింది.

“కాక,” అంది. “కాక చేస్తున్నడు అమ్మా. చిన్నమ్మకు...” మాట పూర్తి చేయలేదు. ఆటో నడిపే వేళలో ధర్మేందర్ ఎన్నడూ ఫోను చేయడు.

ఫోను మోగుతూనే ఉంది. యమున కాలు గడప ఇవతలే ఆగిపోయింది. పొయ్యి మీద అన్నం పొంగి నిప్పుల్లో పడి చుయ్యిమంది.

“ఎత్తకు,” అంది మాణిక్యమ్మ.

పూజిత తలెత్తింది.

“ఎత్తకు బిడ్డా. అది ఏ ముచ్చటైనా గానీ, ఈ తలుపు తీసింది నేను. నీ తల్లి ఇంకా బయటనే ఉన్నది, చూసినవ్ గద. రేపు ఎవడన్న అంటే నువ్వే సాక్ష్యం.” “ఫొటో అయినంక ఎత్తు.”

ఫోను ఆగింది. వెంటనే మళ్లీ మోగింది.

మాణిక్యమ్మ దర్వాజా మీది ఎడమచేతిని, ముళ్లు గీరుకుపోయిన ఆ చేతిని, మెల్లగా కిందికి దించి, యమునకు దారి వదిలింది.